వీరుడి పక్కన దబేలు

బొమ్మలాయన మొదట్లో కొట్లకు బోర్డులు రాసేవాడు. ఆ తర్వాత కొన్నాళ్లు బడి పుస్తకాలకు కప్ప పొట్ట కోసి చూపించే బొమ్మలూ, ఆకు అడ్డుకోతలూ గీశాడు. చెయ్యి కుదురైనదని పేరొచ్చాక ఒక ప్రెస్సు యజమాని పిలిపించి, పిల్లల కోసం నెలనెలా బొమ్మల కథల పుస్తకం వేద్దామనుకుంటున్నాననీ, కథా బొమ్మా రెండూ ఆయనే చూసుకోవాలనీ చెప్పాడు. అలా పుట్టాడు తుఫాను వీరుడు. ఛాతీ మీద సుడిగాలి గుర్తు, వీపు మీదుగా మోకాళ్ల దాకా జారే ఎర్రటి వస్త్రం, కొండనైనా ఒంటిచేత్తో పక్కకు జరిపే బలం. అచ్చు వేసేది రెండే రంగుల్లో. కాగితం వెంట్రుకవాసి జరిగినా ఎరుపు వీరుడి ఒంటి మీద కాకుండా పక్కనున్న గోడ మీద పడేది. ఆ కాలపు పిల్లలు దాన్ని పెద్దగా పట్టించుకునేవారు కాదు.

కొన్ని నెలలకు అసలు పుస్తకాన్నే పట్టించుకోవడం మానేశారు. యజమానే ఎడిటరు కూడా కావడంతో, కట్టలు కట్టలుగా వెనక్కి వచ్చిన పుస్తకాల మధ్య బొమ్మలాయన్ని కూర్చోబెట్టుకుని విషయం కదిపాడు.

"నీ వీరుడితో చిక్కేమిటో తెలుసా? వాడికి ఏమీ కాదు. తుపాకీ పేలిస్తే గుండు వంగిపోతుంది. మంటల్లో తోస్తే చెమటైనా పట్టదు. అలాంటివాడి కోసం ఎవడు బెంగపెట్టుకుంటాడయ్యా?"

"వీరుడంటే అంతే కదండీ."

"అంతే. అందుకే వాడి పక్కన ఇంకొకడుండాలి. దొంగలు తాళ్లతో కట్టేయడానికి ఒకడు కావాలి కదా. 'ఇప్పుడేం చేద్దాం' అని అడిగేవాడు లేకపోతే వీరుడు తన ఉపాయం ఎవరికి చెప్తాడు, గోడకా? ఆ పక్కవాడు పడాలి, లేవాలి, పిల్లలు నవ్వాలి. చూడగానే వీడు మా వీధిలో మనిషే అనిపించాలి."

ఆ మాటలు తలలో తిప్పుకుంటూ బొమ్మలాయన ఇంటికొచ్చేసరికి బావమరిది వచ్చి ఉన్నాడు. అతను కుట్టుమిషన్ల మెకానిక్కు. తల్లి పోయాక అక్క చేతుల్లో పెరిగాడు. ఆ అక్కే బొమ్మలాయన భార్య. మనిషి నిట్టనిలువు పొడుగు, ఈనెపుల్లలాంటి ఒళ్లు, కప్పుకు పిడుల్లా చెరో పక్కకు నిలబడ్డ చెవులు. ఏ ఇంటికెళ్లినా గుమ్మం పైకమ్మికి నుదురు తగలకుండా లోపలికి రావడం అతనికి చేతకాదు. మిషను ముందు కూర్చుంటే మాత్రం ఆ చేతుల్లో తడబాటు ఉండేది కాదు.

ఆ సాయంత్రం అక్క మిషను బల్ల మీంచి విప్పి, తలభాగాన్ని ఒడిసిపట్టుకుని వెనక్కి అడుగేశాడు. వెనక ఉన్న పీట చూసుకోలేదు. నూనె డబ్బా ఒక పక్కకు, రెంచీలు ఒక పక్కకు ఎగరగా దబేలుమని కూలబడ్డాడు. కూలబడి, ఒళ్లో ఉన్న ఇనుప ముద్దను పసిపిల్లలా హత్తుకుని, "మిషనుకేం కాలేదక్కా," అన్నాడు ముందుగా.

బొమ్మలాయన చెయ్యి పెన్సిలు వెతుక్కుంది. బావమరిది లేచి బట్టలు దులుపుకునేలోగా కాగితం మీద ఆ చెవులూ, ఆ కాళ్లూ, భుజానికి వేలాడే ఆ గోనెగుడ్డ సంచీ, పైన ముళ్లముళ్ల గీతల మధ్య 'దబేల్' అన్న మాటా పడిపోయాయి. చూసి భార్య నవ్వింది. బావమరిది అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"నా చెవులు మరీ ఇంతున్నాయా బావా?"

"తగ్గించే వేశానురా."

వీరుడికి జతగాడు దొరికాడు. పేరు కూడా దొరికింది, దబేలు. బావమరిదిని ఆటపట్టించే హక్కు పెళ్లితోనే వస్తుందని అందరూ ఒప్పుకున్నదే. కాబట్టి, ఒరే, నిన్ను పుస్తకంలో పెట్టనా అని అడగాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

పుస్తకం పుంజుకుంది. పిల్లల ఉత్తరాల్లో వీరుడి ఊసే తగ్గిపోయింది. దబేలు ఈసారి ఎక్కడ పడతాడు, మొసలి నోట్లోనా, సున్నం గోతిలోనా అని పందేలు వేసుకునేవారు. వీరుడి తాడూ, దివిటీ, మారు బట్టలూ అన్నీ మోసేది దబేలే. తీరా కావలసిన సమయానికి అవి నీళ్లలో పడిపోయేవి. వీరుడు నుదురు కొట్టుకుని, దబేలును తిట్టి, ఉత్త చేతులతో కొండను జరిపేవాడు.

బొమ్మ మరీ అచ్చుగుద్దినట్టు కుదరడం వల్ల నెల తిరక్కుండానే పిల్లలు వీధిలో మనిషిని పోల్చుకున్నారు. "దబేలు మామయ్యా, ఒకసారి పడవా?" అని వెంటపడేవారు. మరీ చిన్నపిల్లలైతే అతను తూలినట్టు నటించి గోడకు ఆనుకునేవాడు. వాళ్లు పుస్తకాలు చాపితే అట్ట మీద సంతకం కూడా పెట్టేవాడు. పిల్లల దగ్గర ఆ పేరు అతనికి ముద్దుగానే ఉండేది. రానురాను పెద్దవాళ్లూ అందుకున్నారు. తలుపు తీసినవాళ్లు లోపలికి తిరిగి, "దబేలు వచ్చాడు, మిషను ఎక్కడుందో చూపించండి," అనేవారు. దారి అడిగినవాళ్లకు, "దబేలు కొట్టు దాటాక ఎడమ పక్క," అని చెప్పేవారు. అసలు పేరు బోర్డు మీద మిగిలింది. ఆ బోర్డు రాసిందీ బొమ్మలాయనే.

ఒకసారి భార్య అంది: "వాణ్ణి కాస్త తక్కువ పడెయ్యకూడదూ?"

"పడకపోతే తినేదెలాగే?" అన్నాడాయన. ఆ జవాబు ఆయనకే భలేగా అనిపించింది.

కొన్నాళ్లకు బావమరిది ఒక దర్జీ ఆవిణ్ణి ఇష్టపడ్డాడు. తల్లితో, అన్నతో కలిసి ఉంటూ బడి పిల్లల బట్టలు కుట్టేది. ఆమె మిషనుకు దారం తెగే జబ్బు ఉండేది. దాన్ని బాగుచేయడానికి అతను వెళ్లినన్ని సార్లు ఏ మెకానిక్కూ ఏ మిషను దగ్గరికీ వెళ్లి ఉండడు. ఆమె కూడా ఇంకో మెకానిక్కును పిలిచింది లేదు. ఈ సంగతి అతను బావకొక్కడికే చెప్పాడు.

"అక్కకు చెప్పకు బావా. అంటే, ముందు ఆవిడ ఏమంటుందో చూసి, అప్పుడు."

"ఏమని అడుగుతావురా?"

అతను చాలాసేపు చొక్కా గుండీ తిప్పుకున్నాడు. "మీ మిషను ఇకనుంచి ఎప్పటికీ నేనే చూసుకుంటాను అని. అంతే. ఆవిడకు అర్థమవుతుంది."

బొమ్మలాయన నిజంగానే సంతోషించాడు. మాట బాగుందన్నాడు. గళ్ల చొక్కా కొనుక్కోమని సలహా కూడా ఇచ్చాడు. బడులు తెరిచే రోజులు కావడంతో ఆమెకు ఊపిరాడని పని. అది తగ్గాక వెళ్దామని బావమరిది ఆగాడు.

ఆ నెల బొమ్మలాయనకు కథ తెగలేదు. చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి, ప్రెస్సు నుంచి మనిషి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అప్పుడు ఆయన చేసిన పనిని ఆలోచించి చేశాడనీ చెప్పలేం, ఆలోచించకుండా చేశాడనీ చెప్పలేం. దబేలు ఒక దర్జీ ఆవిణ్ణి ప్రేమించాడు. గళ్ల చొక్కా తొడుక్కున్నాడు. మోకాలి మీద కూర్చుని, "మీ మిషను ఇకనుంచి ఎప్పటికీ నేనే చూసుకుంటాను," అన్నాడు. లేవబోయి రంగుల తొట్టిలో పడ్డాడు. చేతిలో పువ్వు మాత్రం పైకి తేలింది. కుట్టుపనితో సతమతమయ్యే మనిషి పిల్లల పుస్తకం ఎందుకు చూస్తుందిలే అని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకోవలసి వచ్చిందంటేనే మనసులో ఏదో గుచ్చుకుందన్నమాట.

ఆమె చూడలేదు. ఆమె అన్న చూశాడు.

ఏం జరిగిందో తర్వాత ఆ ఇంటి పక్కావిడ ద్వారా భార్యకు తెలిసింది. ఆ నెల పుస్తకం ఇంకా చూడని బావమరిది కొత్త చొక్కాతో వెళ్లాడు, దారం తెగే మిషను ముందు నిలబడి దాచుకున్న మాట అనడం మొదలుపెట్టాడు. మాట పూర్తి కాకుండానే లోపలి గదిలోంచి పకపకా నవ్వు వినిపించింది. అన్న పుస్తకం పట్టుకొచ్చి బల్ల మీద పరిచాడు. తల్లి చూసి నవ్వింది. దర్జీ ఆవిడకు మొదట అర్థం కాలేదు. బొమ్మ వంక చూసింది, చొక్కా వంక చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె చెడ్డదేమీ కాదు. నవ్వు ఆగలేదు, అంతే. అతనూ వాళ్లతో పాటు నవ్వి, వెళ్లొస్తానని చెప్పి బయటికొచ్చేశాడు.

"వాడా మాట మీతో తప్ప ఇంకెవరితోనూ అనలేదట," అంది భార్య. వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం బావమరిది ఎప్పటిలా భోజనానికి వచ్చాడు. బొమ్మలాయన తల ఎత్తలేకపోయాడు.

"పర్లేదు బావా," అన్నాడు బావమరిది తనే. "చొక్కా గళ్లు బాగా వేశావు. వంకర పోకుండా వెయ్యడం కష్టం."

తిట్టి ఉంటే ఆయన తల వంచుకుని పడేవాడు. ఈ మెచ్చుకోలును ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. తప్పయిపోయిందిరా అని వయసులో చిన్నవాడితో, అందులోనూ బావమరిదితో అనడం ఆయన నోటికి అలవాటు లేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మంచినీళ్లతో మింగాడు.

నోటితో చెయ్యలేనిది చేత్తో చేద్దామనుకున్నాడు. ఆ తర్వాతి సంచికలో దబేలు ఓడ ఎక్కాడు. ఎక్కడో సముద్రం మధ్య దీపస్తంభానికి కాపలావాడుగా ఉద్యోగం దొరికిందని చెప్పించి, వీరుడి చేత చెయ్యి ఊపించి పంపించేశాడు. వీరుడి పక్కకు మాట్లాడే చిలుక వచ్చింది.

"మతి ఉండే చేస్తున్నావా? అమ్ముడయ్యేదే వాడి మొహం చూసి," అన్నాడు ఎడిటరు.

"వాడుంటే నేను గీయనండీ. మీ ఇష్టం."

పిల్లల ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. ఆయన విప్పలేదు. బావమరిదికి తన పేరు తనకు తిరిగి ఇచ్చేశానని అనుకున్నాడు. కొన్నాళ్లు గుండె కాస్త తేలికపడింది కూడా. బావమరిది ఆదివారాలు రావడం మానేసి, పని ఎక్కువగా ఉందని కబురు పంపుతుంటే నమ్మేశాడు. నిజం చెప్పాలంటే, ఆ ముఖం ఎదురుగా లేకపోవడం ఆయనకు హాయిగానే ఉండేది. హాయిగా ఉందన్న సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం సిగ్గేసేది.

అలా చాలా నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం భార్య కూర గిన్నె చేతికిచ్చి, "మీరే వెళ్లి ఇచ్చి రండి. నేను పంపితే వాడు ఖాళీ గిన్నె తిరిగిస్తాడే కానీ మనిషి రాడు," అంది.

కొట్లో బావమరిది ఒక్కడే ఉన్నాడు. ఎదుట విప్పిన మిషను, నూనె గుడ్డ. బడి వదిలే వేళ. పిల్లలు గుంపులుగా కొట్టు ముందునుంచే పోతున్నారు. ఎవరూ లోపలికి తొంగిచూడలేదు. అతను మాత్రం గుంపు వచ్చినప్పుడల్లా చేతిలో పని ఆపి తల ఎత్తుతున్నాడు. అది బొమ్మలాయన కళ్లబడింది.

గిన్నె బల్ల మీద పెట్టి, పని ఎలా ఉందని అడిగి, వాన వచ్చేలా ఉందని చెప్పి, ఇక లేవబోతుంటే బావమరిది అడిగాడు.

"నన్నెందుకు పంపించేశావు బావా?"

"ఎక్కడికి?"

"ఓడెక్కించి. నేనేం తప్పు చేశాను?"

బావమరిది సూది మర బిగిస్తూ, తల ఎత్తకుండానే చెప్పుకుపోయాడు. "ఆ రోజు భోజనాల దగ్గర నేను సరిగ్గా నవ్వలేదేమో అనుకున్నాను. అంటే, మొహం మాడ్చుకున్నానని నీకు కోపం వచ్చిందేమో, అందుకే తీసేశావేమోనని. చిలుకను పెట్టావు. బాగానే ఉంది. కాకపోతే దానికి సంచీ మొయ్యడం రాదుగా."

"కోపమా? నాకా?" అన్నాడు బొమ్మలాయన. "నీకు మళ్లీ అలాంటిది జరగకూడదని తీసేశానురా."

"అయితే అడగొచ్చుగా." మర బిగిసింది. "పెట్టినప్పుడూ అడగలేదు, తీసినప్పుడూ అడగలేదు. నాదే కదా మొహం."

కొట్టు బయట వాన మొదలైంది. తడిసినా సరే వెళ్లిపోదామా అనిపించింది బొమ్మలాయనకు. వెళ్లలేదు. తాను ఎంత పెద్ద మనసుతో చేశాననుకున్నాడో ఆ పని కూడా, మొదటి పనిలాగే, తన సౌకర్యం చూసుకుని చేసిందేనని ఆయనకు అప్పుడు తెలిసింది. మొదటిసారి కథ తెగక చేశాడు. రెండోసారి ఆ ముఖం చూడలేక చేశాడు.

"తప్పు చేశానురా," అన్నాడు. "రెండుసార్లూ."

బావమరిది తల ఊపాడు. కాదనలేదు. ఇంకాసేపటికి, "కూర చల్లారిపోతోంది, పద," అని కొట్టు వెనక గదిలోకి దారి తీశాడు. పైకమ్మికి నుదురు కొట్టుకున్నాడు.

ఎన్నేళ్లుగానో బావమరిది ఉంటున్న గది అది. బొమ్మలాయన ఎప్పుడూ గుమ్మం దాటి ఎరగడు. కాళ్లు బయటికి పోకుండా చెక్క పెట్టె ఒకటి చివర జోడించిన మంచం ఉంది. కిటికీలో విరిగిన మిషను చక్రం మీద తీగ ఏదో పాకించాడు. గోడకు కొట్టిన అరలో తుఫాను వీరుడి పుస్తకాలు మొదటినుంచి వరసగా ఉన్నాయి, చిలుకవి కూడా.

"అన్నీ కొన్నావా? నేను ఊరికే ఇచ్చేవాణ్ణి కదరా."

"నువ్వెప్పుడూ ఇవ్వలేదుగా బావా," అన్నాడు అతను మామూలుగా, అన్నం వడ్డిస్తూ.

చేతులు కడుక్కున్నాక బొమ్మలాయన అడిగాడు. "వాణ్ణి మళ్లీ తీసుకురానా? తెస్తే ఏం చేయించమంటావు? ఈసారి వాడే గెలిచేలా పెట్టమంటావా?"

బావమరిది ఆలోచించాడు. "గెలవడం ఎందుకు, ఆ పనికి ఆయన ఉన్నాడుగా. వాడి ఇల్లు చూపించు. వీరుడికి కొండ మీద కోట ఉంది. రోజంతా పడి లేచి, రాత్రికి వీడు ఎక్కడ పడుకుంటాడో ఒక్క పుస్తకంలోనూ లేదు. నేను వెతికాను."

"మరి పడొద్దా?"

"పడనీ. పడకపోతే పిల్లలు ఒప్పుకోరు. కానీ సంచీ ఎవరిదో చెప్పు. ఆయన బట్టలు మోస్తూ పడితే వీణ్ణి తిడతాడేమిటి?" అని, గిన్నె మీద మూత పెడుతూ, "దర్జీ ఆవిడ మాత్రం మళ్లీ వద్దు," అన్నాడు.

ఆమెకు అప్పటికే వేరొకరితో పెళ్లయిపోయింది. ఆ సంగతి వాళ్లిద్దరికీ తెలుసు.

దబేలు తిరిగొచ్చిన సంచికలో పోట్లాట ఒక్కటీ లేదు. అతను సంచీ దించి, దీపం వెలిగించి, మంచం చివర పెట్టె జరుపుకుని కాళ్లు చాపుకోవడమే సగం పుస్తకం నిండా ఉంది. వీరుడు దారి తప్పి ఆ ఇంటికొచ్చి, గుమ్మం తక్కువ ఎత్తని తెలియక తానూ నుదురు కొట్టుకుంటాడు. ఎడిటరు గొణిగాడు. పిల్లల్లో కొందరు డబ్బులు దండగన్నారు, కొందరు మాత్రం తమ మంచాల బొమ్మలు వేసి పంపించారు. అమ్మకాలు పెరిగిందీ లేదు, తగ్గిందీ లేదు. అప్పటినుంచి ప్రతి నెలా బొమ్మలాయన పెన్సిలు పేజీలు ముందుగా కొట్టుకు పట్టుకెళ్లేవాడు. బావమరిది నూనె చేతులు తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసేవాడు. ఎప్పుడైనా, "ఇది వద్దు బావా," అనేవాడు. ఎందుకని అడగకుండా ఆయన అక్కడే రబ్బరుతో చెరిపేసేవాడు. ఒకటి రెండుసార్లు మంచి బొమ్మలే పోయాయి. ఆదివారం భోజనాలు మళ్లీ మొదలయ్యాయి. బావమరిది మాత్రం పెళ్లి ఊసు మరెన్నడూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే బొమ్మలాయనే ముందు లేచి చెయ్యి కడుక్కునేవాడు.

పుస్తకం ఆగిపోయి, ఎడిటరు పోయి, ప్రెస్సు ఉన్న చోట మందుల కొట్టు వెలిశాక చాలా ఏళ్లకు పాత బొమ్మల కథలు పోగుచేసేవాళ్లు కొందరు బొమ్మలాయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒక హాల్లో ప్రదర్శన పెడుతున్నామనీ, ఆయన వచ్చి నాలుగు మాటలు చెప్పాలనీ అడిగారు. ఆయన ఒప్పుకున్నాడు. దబేలు ఎవరో అందరి ముందూ చెప్పాలనీ, తాను చేసింది కూడా దాచకుండా చెప్పాలనీ నిశ్చయించుకున్నాడు. అలా చెప్పేస్తే లోపల ఇంకా గుచ్చుకుంటున్నది బయటికి వచ్చేస్తుందని ఆయన ఆశ. వేదిక మీద ఇంకో కుర్చీ వేయించమని కూడా కబురు పెట్టాడు.

ప్రదర్శన రోజు బస్సులో ఆయన తన ఆలోచన చెప్పాడు. బావమరిది జుట్టు అప్పటికి తెల్లబడింది, చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"వద్దు బావా."

"ఎందుకురా? నీ పేరు చెప్తాను. తప్పు నాదని చెప్తాను."

"చెప్తే నీకు బాగుంటుంది. నాకేం బాగుంటుంది? ఇంతమంది ఆ చొక్కా సంగతి మళ్లీ వినాలి. ఆవిడ పిల్లలు వచ్చి ఉంటే వాళ్లూ వినాలి. నేను కింద కూర్చుంటానులే."

బొమ్మలాయన వేదిక మీద ఒక్కడే కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరో వచ్చి తీసుకెళ్లిపోయారు. రెండు రంగుల పేజీలు అద్దాల వెనక వేలాడుతున్నాయి. అన్నిటికంటే పెద్ద అద్దంలో పువ్వు తేలిన రంగుల తొట్టి ఉంది. జనం దాని ముందు ఆగి నవ్వుతూనే ఉన్నారు. ఒక అమ్మాయి లేచి, దబేలు ఆలోచన మీకెలా వచ్చిందండీ, ఎవరినైనా చూసి గీశారా, అని అడిగింది.

ఆయన హాలు చివరి వరసలోకి చూశాడు. బావమరిది ఏ సైగా చెయ్యలేదు. కాగితం కప్పులో కాఫీ ఊదుకుంటున్నాడు.

"మా ఇంట్లో మనిషేనమ్మా," అన్నాడు బొమ్మలాయన. "నాకంటే మంచివాడు." ఇంకేదో అనబోయి ఆగి, తర్వాతి ప్రశ్న అడగమన్నాడు.